శేషారత్నం ఆకులో చిన్న మార్పు

మా ఇంట్లో బియ్యం వాడకం ఒక్కసారిగా సగానికి పడిపోయిందని నాకు నోటీసు వచ్చింది.

తెచ్చినవాడు చిన్న మార్పు కార్యాలయం బంట్రోతు. సంతకం పెట్టించుకుని, చదవడం వచ్చునా అని అడిగాడు. మా ఊరి బడిలో చెప్పినంత చదువు చదివాను. ఆ చదువుకు లొంగే కాగితం కాదది. "తమరి గృహమునందు ధాన్య వినియోగము ఆకస్మికముగా క్షీణించుట మార్గదర్శకములకు విరుద్ధమైనందున తగు సంజాయిషీ సమర్పించవలసినది" అని ఉంది. రెండోసారి చదివితే తెలిసింది. తప్పు తక్కువ తినడం కాదు. తొందరపడి తక్కువ తినడం.

ఈ కార్యాలయం మా ఊరికి ఉగాది వెళ్ళాక వచ్చింది. పశువుల ఆసుపత్రి ఖాళీగా ఉంటే అందులో పెట్టారు. జనం ఒంటికి మంచిది తినాలని ప్రభుత్వం అనుకుంది. మంచిదే. అలవాట్లు ఒక్క దెబ్బకు మార్చుకుంటే నిలవవు, కొంచెం కొంచెంగా మార్చుకుంటే నిలుస్తాయని ఎవరో చెప్పారు. అదీ మంచిదే. ఈ రెండు మంచి మాటలనూ ఒక ఆఫీసులో కూర్చోబెట్టి వాటి మీద ఒక అధికారిని వేశారు. అప్పటి నుంచి మా ఊళ్ళో ఎవరూ కుదురుగా అన్నం తిన్నది లేదు.

నియమాలు రెండే. ప్రతి మనిషీ వారానికి ఒక మార్పు చేయాలి. అది చిన్నదై ఉండాలి. ఏది చిన్నదో అధికారి చెబుతాడు.

అధికారి పేరు పురుషోత్తం. సన్నగా, శుభ్రంగా ఉండే మనిషి. లంచం తీసుకోడు. ఎవరినీ కసరడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎక్కడో ఒకచోట ఆగేవాడు.

నోటీసు పట్టుకుని వెళితే నన్ను కూర్చోమన్నాడు.

"రండి పానకాలు గారూ. ఇద్దరు తినే ఇంట్లో తిండి ఒక్కరి తిండి అయింది. రేషన్ డిపోలో మీరు సగమే తీసుకుంటున్నారు. ఇంత పెద్ద మార్పు ఒకే నెలలో ఎలా చేశారు?"

"నా భార్య చనిపోయింది."

అతను కలం కింద పెట్టాడు. గౌరవంగా లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. తరవాత మళ్ళీ కలం తీశాడు.

"దశలవారీగా జరిగిందా?"

నిరుడు శ్రావణంలో శేషారత్నం పొద్దున్నే గేదెకు గడ్డి వేస్తూ పడిపోయింది. మధ్యాహ్నానికి లేదు. పొయ్యి మీద ఎసరు అట్లాగే ఉంది. ఆ సంగతి చెప్పాను.

"అదేనండీ ఇబ్బంది," అన్నాడు పురుషోత్తం, నిజంగానే బాధపడుతూ. "ఆవిడ కొంత వ్యవధి తీసుకుని ఉంటే మనకు సమస్య ఉండేది కాదు."

ఆ మాట నేనూ అప్పటి నుంచీ అనుకుంటున్నాను. కానీ దానికి నోటీసు ఇవ్వాలని నాకు తోచలేదు.

మరి కార్డులో ఆమె పేరు కొట్టేయండి అన్నాను. మరణ ధ్రువపత్రం కూడా ఇచ్చాను. అతను ఇటూ అటూ తిప్పి చూశాడు. పేరు కొట్టేస్తే ఇంటి వాడకం సగానికి పడుతుంది. అది పెద్ద మార్పు. పెద్ద మార్పు చేసే అధికారం అతనికి లేదు. చివరికి దారి కనిపెట్టాడు. ఈ నెల నుంచి నేను ఆమె వాటా పూర్తిగా తీసుకోవాలి. ఆ తరవాత నెలకు పావు వంతు చొప్పున తగ్గించుకుంటూ రావాలి. నాలుగో పావు కూడా పోయిన నాడు శేషారత్నం నియమాల ప్రకారం చనిపోయినట్టు.

"అంటే ఇప్పుడు?"

"ఇప్పటికి ఆవిడ పూర్తిగా ఉన్నారండీ. వచ్చే నెల ముప్పావు వంతు ఉంటారు."

నాకు కోపం రావాలి. రాలేదు. డిపోకు వెళ్ళి ఆమె బియ్యం, ఆమె పప్పు, ఆమె నూనె తెచ్చుకున్నాను. బియ్యం కోళ్ళకు వేశాను. నూనె, పప్పు టిఫిన్ కొట్టు నాగేంద్రానికి ఇచ్చాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. శేషారత్నం పెద్దకర్మ నాడు కాకి ఆకు ముట్టలేదు. డాబా పిట్టగోడ మీద విస్తరి వేసి, ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టాం. గారెలు పెట్టాం, అల్లం పచ్చడి పెట్టాం. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కాకి రాలేదు. ఆ రోజు పక్క బజార్లో పెళ్ళి. ఎంగిలాకులు వీధిలో పారేశారు. ఊళ్ళో కాకులన్నీ అక్కడే ఉన్నాయి. ఇది కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది. కానీ కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు తీరని కోరిక ఉందంటారు. నా మరదలు వజ్రమ్మ అందరి ముందూ నిలబడి, "మా అక్కకు ఏం లోటు చేశావో నీకే తెలియాల బావా," అంది.

మాకు పిల్లలు లేరు. చుట్టాలంతా నా వంక చూశారు. ఆనాటి నుంచి నేను వజ్రమ్మతో మాట్లాడలేదు. ఆ పెళ్ళివారితో మాట్లాడలేదు. కాకులు వాకిట్లో వాలితే కర్ర తీసేవాణ్ణి.

నాకు అట్లాంటి నమ్మకాలు లేవు. అయినా శ్రావణంలో వచ్చే సంవత్సరీకానికి కాకి ఆ ఆకు ముట్టాలి. ముట్టడం వజ్రమ్మ చూడాలి. నమ్మకం వేరు, పంతం వేరు.

ఈలోపు ఊరు చిన్న చిన్నగా మారుతోంది.

మా పక్కింటాయన పేరు అంకులు. అతనికి చక్కెర జబ్బు. పట్నం డాక్టరు కసిరాడని ఒక పొద్దున టీలో పంచదార పూర్తిగా మానేశాడు. వాళ్ళావిడ సంబరపడి ఆఫీసులో చెప్పింది. సాయంత్రానికి నోటీసు. మర్నాటి నుంచి బంట్రోతు వచ్చి, అంకులు టీలో రెండు చెంచాల పంచదార వేసి, కలిపి, తాగేదాకా నిలబడేవాడు. వారానికి పావు చెంచా తగ్గించాలని లెక్క. తగ్గేలోపే అంకులుకు తీపి మళ్ళీ రుచించింది. ఇంక తగ్గించనన్నాడు.

"మానిన రోజు మానొద్దంటిరి. తాగే రోజు తాగొద్దంటిరి. మీ ఇంట్లో కాపరం ఎట్టా సాగుతుందో గానీ సార్," అన్నాడు.

పురుషోత్తం అది కూడా రాసుకున్నాడు.

నా సంగతి అంతకన్నా అధ్వాన్నం. పొద్దున రాగిజావ. మధ్యాహ్నం అన్నం, ఆకుకూర పప్పు. రాత్రికి మజ్జిగన్నం. వంట రాని మగవాడి తిండి అంతకన్నా ముందుకు పోదు. పురుషోత్తం మా వంటింట్లో నిలబడి డబ్బాలన్నీ మూతలు తీసి చూశాడు. అతని ముఖం వాడిపోయింది.

"మీలో మెరుగుపడటానికి ఏమీ లేదు పానకాలు గారూ. క్షేత్రస్థాయిలో ఇంత తీవ్రమైన పరిస్థితి నేను చూడలేదు."

"ఏం చేయమంటారు?"

"ముందు ఏదైనా ఒకటి పెంచుకోండి. తరవాత తగ్గించుకుందాం."

సాయంత్రం పూట పునుగులు రాసిచ్చాడు. మందు రాసిచ్చినట్టే రాసిచ్చాడు.

పునుగులంటే మా ఊళ్ళో నాగేంద్రం కొట్టే. కాలవ కట్ట మీద తాటాకుల పంచ, ఒక బాణలి, ఒక బల్ల. నాగేంద్రం మొగుడు లారీతో పోయి తిరిగి రాలేదు. బతికే ఉన్నాడని అంటారు. అందుకని ఆమెను ఎవరూ పలకరించరు, అందరూ ఆమె దగ్గరే తింటారు. నేను వెళ్ళేసరికి బల్ల మీద చోటు లేదు.

"తినడానికా బాబాయ్, మానడానికా?" అంది.

అర్థం కాలేదు. వచ్చినవాళ్ళందరినీ అట్లాగే అడుగుతోందని తరవాత తెలిసింది. ఊళ్ళో చాలామంది నా బాపతే. వారానికి ఒకటి మానాలి. మానడానికి ఇంట్లో ఏముంది? కాబట్టి ముందు అలవాటు చేసుకోవాలి. ముందుచూపు ఉన్నవాళ్ళు చెడ్డ అలవాట్లు నిల్వ చేసుకోవడం మొదలుపెట్టారు. పాల కేంద్రం శివలింగం పుట్టి బుద్ధెరిగి జంతిక కొరికినవాడు కాదు. వచ్చే ఏడాది మానడానికని ఇప్పటి నుంచే పొద్దున, సాయంత్రం జంతికలు తింటున్నాడు. ఎదుటి వరసలో ఒక ముసలమ్మ కారపు బూందీ మొదలుపెట్టింది. ఆమెకు పళ్ళు లేవు. నానబెట్టుకుని తినేది.

తినడానికి వచ్చినవాడికీ మానడానికి వచ్చినవాడికీ అవే పునుగులు. తేడా ఒకటే. మానడానికి వచ్చినవాడు కొంచెం విచారంగా తినాలి. బంట్రోతు చూస్తుంటాడు.

"నా కొట్టు మొదలెట్టాక ఇంత బేరం ఎప్పుడూ లేదు బాబాయ్," అంది నాగేంద్రం. "ఆ సారును చల్లగా చూడమని పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటున్నా."

ఊరి బరువు పెరిగింది. ఆఫీసు గోడ మీద ఆరోగ్యం గీత కూడా పెరిగింది. మానినవి లెక్కకు వస్తాయి. మొదలుపెట్టినవి రావు.

జ్యేష్ఠంలో పురుషోత్తం దృష్టి గారె మీద పడింది.

నాగేంద్రం కొట్టుకు వచ్చి, ఒక గారె చేతిలోకి తీసుకుని, దాని చిల్లులోంచి నన్ను చూశాడు. ఆ చూపు నాకు గుర్తుంది. గొప్ప ఆలోచన వచ్చినవాళ్ళ చూపు అట్లాగే ఉంటుంది.

"గారెలోనే పరిష్కారం ఉందండీ. ఈ మధ్యలో ఉన్న ఖాళీ ఉంది చూశారూ, ఇది ఆరోగ్యకరమైన భాగం. ఇందులో నూనె లేదు, పిండి లేదు. మనం చేయాల్సిందల్లా ఈ భాగాన్ని విస్తరించడం. కొంచెం కొంచెంగా. తినేవాడికి తెలియకుండా."

మర్నాడే ఆదేశాలు వచ్చాయి. గారె చుట్టుకొలత మారకూడదు. చిల్లు మాత్రం వారం వారం పెరగాలి. కొలవడానికి చెక్కతో గుండ్రటి బిళ్ళలు చేయించాడు. ఆ వారం బిళ్ళ చిల్లులో పట్టాలి. పట్టకపోతే ఆ వాయి మొత్తం మళ్ళీ వేయాలి. బంట్రోతు బాణలి పక్కనే నిలబడి బిళ్ళ దూర్చి చూసేవాడు. గారె వేడిగా ఉంటుంది కాబట్టి అతనికి వేళ్ళు కాలేవి. ఊళ్ళో ఆ పథకం వల్ల జనానికి కలిగిన సంతోషం అదొక్కటే.

శేషారత్నం గారెలు నేను చెప్పకూడదు గానీ చెబుతాను. తడిపిన ఆకు మీద పిండి తట్టి, చిటికెన వేలితో చిన్న చిల్లు పెట్టేది. చిల్లు పెద్దదైతే గారె లోపల మెత్తదనం పోతుందని, గుల్లగా ఎండిపోతుందని ఆమె లెక్క. ఎవరింట్లోనైనా పెద్ద చిల్లు గారె వడ్డిస్తే పైకి ఏమీ అనేది కాదు. ఇంటికి వచ్చాక, "వాళ్ళు మనకు చిల్లులు పెట్టారు," అనేది.

ఆషాఢం వెళ్ళేసరికి నాగేంద్రం కొట్లో గారెలు గాజుల్లా తయారయ్యాయి. పిల్లలు చేతికి వేసుకుని బడికి పోయేవాళ్ళు. జనం రెండు తినేచోట ఎనిమిది తింటున్నారు. సన్నటి గారె నూనె ఎక్కువ పీలుస్తుంది. ఆ సంగతి నాగేంద్రం చెప్పబోయింది. పురుషోత్తం వినలేదు. విస్తరణ అనుకున్న ప్రకారం జరుగుతోందని పైకి రాశాడు.

పైవాళ్ళు సంతోషించారు. మా ఊరిని సంపూర్ణ చిన్న మార్పు గ్రామంగా ప్రకటిస్తామన్నారు. ప్రకటిస్తే ఊరికి మంచినీళ్ళ ప్లాంటు ఇస్తారు. అందుకోసం పెద్ద మేడమ్ ఒకావిడ పట్నం నుంచి వస్తుంది. కావాల్సిందల్లా కార్డుల్లో ఉన్న ప్రతి పేరుకూ ఒక్క మార్పైనా ఉండాలి.

ఊళ్ళో ఒక్క పేరుకు లేదు. శేషారత్నానికి.

సర్పంచ్ వచ్చాడు. అంకులు వచ్చాడు. శివలింగం జంతికలు నములుతూ వచ్చాడు. ఊరంతా నీళ్ళ కోసం ఎదురుచూస్తుంటే మా ఇంటి వల్ల ఆగిపోయిందన్నారు. నా వల్ల కాదని కూడా వాళ్ళే అన్నారు. నా భార్య వల్ల. బతికున్నప్పుడు ఎవరికీ అడ్డం రాని మనిషి ఇప్పుడు ఇట్లా చేస్తుందనుకోలేదని సర్పంచ్ బాధపడ్డాడు.

పురుషోత్తం మాత్రం శాంతంగా ఉన్నాడు. ఆ నెలకు ఆమె పావు వంతు మిగిలి ఉంది. పావు వంతు మనిషి కూడా మనిషేనని, ఏ లబ్ధిదారునూ వెనక వదిలేయకూడదని అతని ఉద్దేశం.

"ఆవిడ భోజనం చేసే సందర్భం ఏదైనా ఉందాండీ?" అని అడిగాడు.

అబద్ధం చెప్పాల్సింది. చెప్పలేదు.

"సంవత్సరీకం నాడు ఆకు వేస్తాం. కాకి వచ్చి తింటుంది. వస్తే."

అతని ముఖం వెలిగింది. ఏడాదికి ఒక్క పూట తినే లబ్ధిదారు తన ఉద్యోగంలో ఎప్పుడూ తగల్లేదన్నాడు. ఆ ఒక్క పూటలో ఒక్క చిన్న మార్పు చాలన్నాడు. మార్పు కూడా ముందే నిర్ణయించేశాడు. ఆ వారం బిళ్ళ ప్రకారం గారె.

"మా ఆవిడకు చిన్న చిల్లు ఇష్టం," అన్నాను.

"ఇష్టాల మీదే కదండీ మనం పనిచేసేది."

కాకి ముట్టకపోతే అన్నాను. ముడుతుందని ఊరి తరఫున సర్పంచ్ హామీ ఇచ్చాడు. కాకి అతని పార్టీ కాదు. ఆ మాట నేను అనలేదు. వెనక నుంచి అంకులు అన్నాడు.

శ్రావణ మాసం తిథి నాడు మా డాబా మీద నిలబడటానికి చోటు లేదు. ముందు వరసలో పెద్ద మేడమ్‌కు కుర్చీ. ఆమె పక్కన ఫోటోలు తీసేవాడు. వెనక ఊరు. వజ్రమ్మ ముందురోజే వచ్చి దిగింది. నాతో మాట్లాడదు కాబట్టి గోడలతో మాట్లాడుతూ ఇల్లంతా ఊడ్చింది.

శాస్త్రిగారు తన పని పూర్తి చేశారు. పిట్టగోడ మీద అరిటాకు వేశాను. ముద్ద పెట్టాను. పప్పు, అల్లం పచ్చడి, పెరుగు. నాగేంద్రం తెచ్చిన గారెలు బంట్రోతు ఒక్కొక్కటీ బిళ్ళతో చూసి ఆకులో పేర్చాడు. ఒక గారె ముద్ద చుట్టూ కంచెలా కూర్చుంది. వజ్రమ్మ అది చూసి, "ఇవి గారెలా, చేతికేసుకునే మురుగులా?" అని గోడను అడిగింది.

అందరం వెనక్కి జరిగాం.

కాకి వచ్చింది. పక్కింటి డాబా మీద వాలింది. ఆకు చూసింది. మేడమ్‌ను చూసింది. అక్కడే ఉండిపోయింది.

ఇట్లాంటప్పుడు పోయినవాళ్ళకు మాట ఇవ్వాలి. తీరని కోరికేదో తీరుస్తామని గట్టిగా చెప్పాలి. మాట నచ్చితే కాకి వస్తుందంటారు. మొదట వజ్రమ్మ చేతులు జోడించింది. "అక్కా, బావను నేను చూసుకుంటాలే," అంది.

ఆ మాటకు కాకి కదలకపోవడం నాకు న్యాయంగానే అనిపించింది.

సర్పంచ్ మాట ఇచ్చాడు. మంచినీళ్ళ ప్లాంటుకు శేషారత్నం పేరు పెడతానన్నాడు. కాకి రెక్క కింద గోక్కుంది. అంకులు పంచదార తగ్గిస్తానన్నాడు. కాకి నమ్మలేదు. నన్ను మాట ఇవ్వమన్నారు. నలభై ఏళ్ళు కాపరం చేసిన మనిషితో నేను అందరి ముందూ మాట్లాడను. బతికున్నప్పుడూ మాట్లాడలేదు. ఆమెకు తెలుసు.

మేడమ్ గడియారం చూసుకుంది. పురుషోత్తం ముఖాన చెమట. అతను ముందుకు వచ్చి, పిట్టగోడ దగ్గర సావధానంగా నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"శ్రీమతి శేషారత్నం గారికి విజ్ఞప్తి. తమరు ప్రస్తుత కార్యక్రమమునకు సహకరించిన యెడల, తమరి ఇతర కోరికలు నిబంధనలకు లోబడి సానుకూలముగా పరిశీలించబడును."

కాకి ఎగిరి వచ్చి ఆకు ముందు వాలింది.

కాకి గారెను ముక్కుతో తాకలేదు. దానికి ముద్ద కావాలి. ముద్ద గారె మధ్యలో ఉంది. తల వంచి, గారె చిల్లులోకి మెడ దూర్చింది. ముక్కు ఇంకా అన్నానికి అందలేదు. సరిగ్గా అప్పుడు ఫోటోవాడి కెమెరా మెరిసింది. కాకి అదిరిపడి తలెత్తింది. గారె దాని మెడలో పడింది. మెడలో గారెతో ఎగిరిపోయింది.

కాలవ వైపు పోతుంటే అందరం చూశాం. ఎండలో గారె బంగారంలా మెరిసింది.

ఇప్పుడు కాకి ముట్టినట్టా, ముట్టనట్టా? శాస్త్రిగారిని అడిగారు. ముక్కుకూ మెడకూ తేడా ఎవరూ రాయలేదన్నాడాయన. సర్పంచ్ ముట్టినట్టే అన్నాడు. అతనికి నీళ్ళు కావాలి. వజ్రమ్మ ఏడాది తరవాత మొదటిసారి నేరుగా నాతో మాట్లాడింది.

"మెళ్ళో వేసుకోడం తినడం కాదు బావా. మా అక్క మొహం చాటేసింది."

పురుషోత్తానికి సందేహం లేదు. అతను మేడమ్‌కు వివరించాడు. లబ్ధిదారు గారెను స్వీకరించారు. స్వీకరించి కూడా తినకుండా నిగ్రహం పాటించారు. ఇది పథకంలోనే అత్యున్నత దశ. బతికి ఉన్న లబ్ధిదారులెవరూ ఇంతవరకు అక్కడికి చేరలేదు. మేడమ్ చప్పట్లు కొట్టింది. ఊరు చప్పట్లు కొట్టింది. శేషారత్నం పేరు మీద ప్రశంసాపత్రం రాసి, శాలువా మడిచి నా చేతికి ఇచ్చారు. ఊరిని సంపూర్ణ చిన్న మార్పు గ్రామంగా ప్రకటించి, నాగేంద్రం కొట్లో బజ్జీలు తిని వెళ్ళిపోయారు.

జనం దిగిపోయాక ఆకు వంక చూశాను. ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది.

శాలువా గేదెల కొట్టంలో పడేసి, కార్డు తీసుకుని డిపోకు వెళ్ళాను. ఆ నెల శేషారత్నం పావు వంతు నూనె ఇంకా తీసుకోలేదు. డిపో అతను సీసా అడుగున పోసి ఇచ్చాడు. బాణలి తడవడానికి కూడా చాలదు. ఆమె వాటా మొత్తం పొయ్యమన్నాను.

"పావు వంతే రాశారు పెదనాన్నా."

"పేరు ఉందా, లేదా?"

చూశాడు. ఉంది. పూర్తిగా పోశాడు. ఎవరికని అడిగాడు. శేషారత్నానికని చెప్పాను. అతను అదే రాసుకున్నాడు.

అక్కడి నుంచి నాగేంద్రం కొట్టుకు పోయాను. బల్ల ఖాళీగా ఉంది. పొద్దున్నుంచీ నిలబడి ఆమె కాళ్ళు వాచాయి. గారెల పిండి కావాలన్నాను. గిన్నె అడుగున మిగిలింది తీసి, ఉప్పు చూసి, పచ్చిమిరపకాయలు ఇంకో రెండు తుంచి వేసింది.

"నేనే వేసిస్తాలే బాబాయ్. నీకేం వచ్చు?"

"నీ చేత్తో వేస్తే వాడు బిళ్ళ పట్టుకొస్తాడు."

ఆమె నవ్వలేదు. ఆకుకు తడి చేయాలని, పిండి తట్టేటప్పుడు భయపడకూడదని చెప్పింది. చిల్లు ఎట్లా పెట్టాలో చెప్పబోయి ఆగింది. "పిన్ని పెట్టేది చూసుంటావుగా," అంది.

చూశాను. చూడటం వేరు, పెట్టడం వేరు.

మర్నాడు తెల్లవారీ తెల్లవారకముందే పొయ్యి వెలిగించాను. మొదటి గారె ఆకుకు అంటుకుని పోయింది. రెండోది నా చేతి మీదే ఉండిపోయింది. మూడోది నూనెలో పడింది. చిటికెన వేలితో పెట్టిన చిల్లు, వేగేసరికి మూసుకుపోయింది. ఇంకోటి వేశాను. అదీ మూసుకుంది. అన్నీ మూసుకున్నాయి. చిల్లే లేని గారెలు. ఊరు అన్ని నెలలుగా సాధించిన ఖాళీ అంతా నా బాణలిలో పూడిపోయింది.

పిట్టగోడ మీద ఆకు వేసి రెండు గారెలు, కాస్త అల్లం పచ్చడి పెట్టాను. దూరంగా కూర్చున్నాను. శాస్త్రిగారు లేరు, ఫోటోవాడు లేడు. మాట ఇవ్వమనేవాళ్ళు లేరు.

కాకి వచ్చింది. మెడలో గారె లేదు. నిన్నటిదో కాదో నాకు తెలియదు, కాకులు పేర్లు చెప్పుకోవు. ఆకు చుట్టూ ఒక అడుగు వేసింది. గారెను ముక్కుతో పొడిచింది. లోపల మెత్తగా ఉంది. పెద్ద ముక్క తెంపుకుని, మింగి, మళ్ళీ పొడిచింది.

నేను నా పళ్ళెంలోది తీసుకున్నాను. ఉప్పు సరిపోయింది. నడుమ కొంచెం పిండి పిండిగా ఉంది. తిన్నాను. అది తినేదాకా నేనూ తిన్నాను.

ఎప్పుడు వచ్చిందో, మెట్ల మీద వజ్రమ్మ నిలబడి ఉంది. కాకిని చూసింది. ఆకు చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, ఏమీ అనకుండా కాఫీ పెట్టడానికి కిందికి పోయింది. ఏడాదిలో ఆమె ఏమీ అనకపోవడం అదే మొదటిసారి.

ఆమెను నేను క్షమించలేదు. కాఫీ మాత్రం తాగాను.

నెల తిరిగేసరికి నోటీసు వచ్చింది. అదే బంట్రోతు. ఈసారి చదవడం వచ్చునా అని అడగలేదు. తొలగింపు తుది దశలో ఉన్న లబ్ధిదారు పేరిట నూనె వినియోగము ఆకస్మికముగా పెరిగినందున సంజాయిషీ సమర్పించవలసినది అని ఉంది.

అతన్ని నిలబెట్టి, ఆ కాగితం వెనకే రాసిచ్చాను. "ఆ రోజు ఇద్దరం తిన్నాం."

వారం తరవాత ఉత్తర్వు వచ్చింది. వినియోగమున్న లబ్ధిదారును తొలగించుటకు వీలు లేదట. శేషారత్నం పేరు కార్డులో పూర్తిగా పునరుద్ధరించారు. తొలగింపు తగు సమయంలో, చిన్న చిన్న దశలలో, మళ్ళీ మొదలుపెడతారు. ఎట్టి అభ్యంతరములున్నను తెలియజేయవలసినదని కింద ఉంది.

నాకు అభ్యంతరం లేదు.